మిరప తోటలో ఆకుపచ్చ పొడి: కాపర్ ఆక్సీక్లోరైడ్

ఇవాళ కెమెరా ఇంట్లో పెట్టలేదు. గురజాల అవతల మా తోట గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్నా. వెనకాల ట్రాక్టర్ సౌండ్ వస్తుంటుంది, కాస్త సర్దుకోండి. పోయిన ఎపిసోడ్‌లో సోడియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పు గురించి చెప్పుకున్నాం. ఈసారి కూడా క్లోరైడే. కానీ ఇది వంటింట్లో ఉండదు, ఉండకూడదు కూడా.

నా చేతిలో ప్యాకెట్ చూడండి. లోపల లేత ఆకుపచ్చ పొడి. మన పలనాడులో మిరప వేసే ఏ ఇంటికెళ్ళినా వసారాలో ఓ మూల ఇది కనపడుతుంది. షాపుకెళ్ళి "బ్లైటాక్స్ ఇవ్వు" అంటే ఏ కంపెనీదైనా ఇదే చేతిలో పెడతారు, అంతగా ఆ పేరు పాతుకుపోయింది. లేబుల్ మీద అసలు పేరు ఉంటుంది: కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం డబ్ల్యూపీ.

దీని గురించే ఎందుకంటే, నాకో సొంత కారణం ఉంది. మూడేళ్ళ కిందట ఈ పొడితో మా నాన్న తోటని నేనే మాడ్చాను. బీఎస్సీ కెమిస్ట్రీ పాసై వచ్చిన ఏడాది అది. ఆ సంగతి చెప్తాను, కానీ ముందు ఈ పొడి ఏంటో తెలిస్తేనే ఆ తప్పు ఎక్కడ జరిగిందో మీకు అర్థమవుతుంది.

రాగి, క్లోరిన్ కలిస్తే వచ్చే మామూలు ఉప్పు కాపర్ క్లోరైడ్. నీళ్ళు లేకుండా ఉంటే గోధుమ పసుపు రంగు. గాలిలో తేమ పీల్చుకుందంటే నీలం కలిసిన ఆకుపచ్చ అవుతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మంట పరీక్ష చేశారు కదా, సాల్ట్‌ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో ముద్ద చేసి మంటలో పెడితే రంగు వస్తుంది. ఆ ఆసిడ్ ఎందుకు కలుపుతారో మా లెక్చరర్ అడిగితే క్లాసులో ఒక్కడూ చెప్పలేదు. లోహాల క్లోరైడ్లు వేడికి తేలిగ్గా ఆవిరైపోతాయి, మంటలోకి ఎక్కుతాయి, అందుకని. రాగి అయితే ఆకుపచ్చ, నీలం కలిసిన మంట ఇస్తుంది. దీపావళికి నీలం రంగు వెలుగు ఇచ్చే టపాసుల్లో కూడా పని చేసేది రాగి, క్లోరిన్ జంటే.

ఈ కాపర్ క్లోరైడ్ నీళ్ళలో చక్కెరలా కరిగిపోతుంది. దాన్ని అట్లాగే ఆకు మీద కొడితే తెగులూ చస్తుంది, ఆకూ చస్తుంది. కరిగిన రాగికి ఎవరిది ఏ కణమో తేడా తెలియదు మరి. అందుకని రసాయన శాస్త్రం ఏం చేసిందంటే, రాగికి తాళం వేసింది. కాపర్ క్లోరైడ్ ద్రావణంలో సున్నం నీళ్ళో, కాస్టిక్ సోడానో కొలత ప్రకారం పోస్తే ఆకుపచ్చ మడ్డి కిందకి దిగుతుంది. అదే కాపర్ ఆక్సీక్లోరైడ్. రెండు రాగి, మూడు హైడ్రాక్సైడ్, ఒక క్లోరైడ్. రెండు పాళ్ళ కాపర్ క్లోరైడ్‌కి మూడు పాళ్ళ కాస్టిక్ సోడా. ఒక పాలు మన పొడి వస్తుంది, మూడు పాళ్ళ మామూలు ఉప్పు పక్కకి పోతుంది. సోడా ఎక్కువ పోశారంటే క్లోరైడ్ కూడా ఊడిపోయి నీలం రంగు కాపర్ హైడ్రాక్సైడ్ అయిపోతుంది. లెక్క కావాలన్నవాళ్ళకి: అణుభారం 213.6 దాకా వస్తుంది, అందులో రాగి వాటా 127. అంటే శుద్ధమైన పొడిలో 59 శాతం పైగా రాగే.

ఫ్యాక్టరీలో ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. పాత రాగి తీగలు, తుక్కు తెచ్చి కాపర్ క్లోరైడ్ కలిసిన చిక్కటి ఉప్పునీళ్ళలో వేస్తారు. లోహపు రాగి, ద్రావణంలోని రాగి కలిసి క్యూప్రస్ క్లోరైడ్ అవుతాయి. అది మంచినీళ్ళలో కరగదు, ఉప్పునీళ్ళలో కరుగుతుంది, ఉప్పు ఉన్నది అందుకే. తర్వాత కింద నుంచి గాలి ఊదుతారు. గాలిలో ఆక్సిజన్ తగిలి ఆకుపచ్చ పొడి విడిపోతుంది, కొంత కాపర్ క్లోరైడ్ మళ్ళీ పుడుతుంది. ఆ పుట్టింది ఇంకాస్త తుక్కుని తింటుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. మడ్డిని వడకట్టి, కడిగి, ఆరబెట్టి, నీళ్ళలో విడిపోయేలా చేసే పదార్థాలు కలిపి ప్యాక్ చేస్తారు.

ప్రకృతిలో కూడా ఇది దొరుకుతుంది. దక్షిణ అమెరికాలో చిలీ దేశంలోని అటకామా ఎడారి పేరు మీద దాన్ని అటకామైట్ అంటారు. న్యూయార్క్‌లో స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఆకుపచ్చగా ఉంటుంది చూడండి, ఆ పొరలో కూడా ఇది కొంత ఉంది. పక్కన సముద్రం ఉంది కదా, క్లోరైడ్ అక్కడి నుంచి వచ్చింది. మన ఇళ్ళలో రాగి చెంబుకి పట్టే చిలుం కూడా ఈ కుటుంబమే. చిలుం అంతా క్లోరైడ్ కాదు, కార్బొనేట్ కూడా ఉంటుంది. మా నాయనమ్మ చింతపండు పెట్టి తోమితే మెరిసేది ఎందుకంటే, ఈ రాగి లవణాలన్నీ పులుపుకి కరిగిపోతాయి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, పులుపుకి కరుగుతాయి. నేను మర్చిపోయింది అదే.

మన జిల్లాలోనే రాగి ఖనిజం ఉందని ఎంతమందికి తెలుసు? వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతం. బండ్లమోటు సీసానికి, నల్లకొండ, ధూకొండ రాగికి పేరు. సున్నానికైతే చెప్పక్కర్లేదు, పిడుగురాళ్ళ రోడ్డు మీద వెళ్తే బట్టీల పొగ, తెల్లటి దుమ్ము కనపడతాయి. రాగీ సున్నమూ రెండూ మన నేలలోనే ఉన్నాయన్నమాట. ఆ రెండూ కలిపిన మందుతోనే ఈ కథంతా మొదలైంది.

ఫ్రాన్స్‌లో బోర్డో అని ద్రాక్షతోటల ప్రాంతం. రోడ్డు పక్క కాయలు దారినపోయేవాళ్ళు తెంపుకుపోతున్నారని అక్కడి రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి అంచు వరసల మీద చల్లేవాళ్ళు. నీలంగా, విషంలా కనపడితే ఎవడూ ముట్టుకోడు కదా. మిల్లార్డే అనే ప్రొఫెసర్ ఆ దారిన పోతూ చూశాడు. లోపలి తీగలన్నీ బూజు తెగులుతో ఆకు రాలుస్తుంటే, ఈ అంచు వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. తర్వాత ప్రయోగాలు చేసి 1885లో ఆ మిశ్రమాన్ని ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. దొంగల కోసం చల్లింది తెగులుకి మందైంది. ఇప్పటికీ ఒక శాతం బోర్డో అంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. సరిగ్గా కలిసిందో లేదో చూడ్డానికి ఇనప కత్తి ముంచుతారు. కత్తికి ఎర్రగా రాగి అంటుకుంటే ఇంకా కరిగిన రాగి మిగిలి ఉన్నట్టు, మరికాస్త సున్నం పోయాలి. దానితో ఇబ్బంది ఏంటంటే ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, నిలవుండదు. కాపర్ ఆక్సీక్లోరైడ్ అయితే ప్యాకెట్ విప్పి కలుపుకోవడమే. అందుకే ఇది గెలిచింది.

ఇప్పుడు తోటలోకి వద్దాం. నారుమడిలో మొక్క మొదలు దగ్గర మెత్తబడి గుంపులు గుంపులుగా పడిపోతుంది, నారుకుళ్ళు. దానికి లీటరుకి 3 గ్రాముల చొప్పున కలిపి మడి తడుపుతారు. ఆకు మచ్చకి, పత్తిలో నల్లమచ్చకి, నిమ్మలో గజ్జి తెగులుకి కొడతారు. 16 లీటర్ల ట్యాంకు అయితే 48 గ్రాములు. మనవాళ్ళు అగ్గిపెట్టె కొలత, గుప్పెడు కొలత అంటారు. దయచేసి ఆ పని చేయొద్దు, చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి. మా ఇంట్లో మందుల కోసమే వేరేగా ఒకటి పెట్టాం.

ఈ పొడి నీళ్ళలో కరగదు. తటస్థంగా ఉన్న నీళ్ళలో లీటరుకి మిల్లీగ్రాము లెక్కలో మాత్రమే కరుగుతుంది. మనం వేసేది 3 గ్రాములు. అంటే దాదాపు మొత్తం కరక్కుండా తేలుతూ ఉంటుంది, అంతే. డబ్ల్యూపీ అంటే వెట్టబుల్ పౌడర్, తడిసే పొడి అని అర్థం. ముందు మగ్గులో కాసిని నీళ్ళతో ముద్దలా కలిపి, వడగట్టి ట్యాంకులో పోసి, కొడుతున్నంతసేపూ కదుపుతూ ఉండాలి. లేదంటే మొదటి సాళ్ళకి నీళ్ళు, చివరి సాళ్ళకి అడుగున దిగిన మడ్డి వెళ్తాయి. "మందు పనిచేయలేదు" అనేవాళ్ళలో సగం మంది ట్యాంకు ఊపి ఉండరని నా అనుమానం.

ఆకు మీద ఎండాక అది అట్లా పొరలా కూర్చుంటుంది. మంచు పడినప్పుడు, తుంపర పడినప్పుడు ఆ తడికి కొద్దికొద్దిగా రాగి అయాన్లు బయటికొస్తాయి. అప్పుడే వచ్చి వాలిన శిలీంధ్రం బీజం మొలకెత్తబోతూ ఆ రాగిని పీల్చుకుంటుంది. రాగి దాని ఎంజైముల్లో గంధకం ఉన్న చోట పట్టుకుని కూర్చుంటుంది. ఒక ఎంజైమ్ కాదు, చాలావాటిని ఒకేసారి. అందుకే శిలీంధ్రాలు దీనికి అలవాటు పడటం కష్టం. బ్యాక్టీరియా అట్లా కాదు, రాగిని తట్టుకునే రకాలు ప్రపంచంలో చాలా చోట్ల వచ్చేశాయి. ఇంకోటి, ఇది కాపలా మందు. తెగులు లోపలికి వెళ్ళిపోయాక ఇది వెంటపడి పట్టుకోలేదు. తాళం దొంగ రాకముందు వేస్తేనే తాళం.

సరే, నా కథ. నవంబరు చివర తుఫాను వాన. కౌలుకి తీసుకున్న రెండెకరాల మిరప, పూత మీద ఉంది. పల్లంలో నీళ్ళు నిలిచి ఆ కొస మొక్కలు వడలిపోతున్నాయి, మిగతా తోటలో ఆకు మీద మచ్చలు. షాపులో రెండు మందులు ఇచ్చారు. వేరు వైపు సమస్యకి ఫోసెటైల్ అల్యూమినియం, మచ్చలకి ఈ ఆక్సీక్లోరైడ్. మాకు మందు కొట్టే మనిషి దొరకడమే కష్టం, కూలి రెండు సార్లు ఇవ్వాలంటే ఇంకా కష్టం. నాన్న అడిగాడు, "ఏరా, రెండూ ఒకే ట్యాంకులో పోయొచ్చంటావా? నువ్వు చదివింది ఇదేగా?"

నేను ఫోన్ నుంచి తల కూడా ఎత్తలేదు. "పోయొచ్చు నాన్నా, ఏం కాదు, రెండూ తెగులు మందులేగా" అన్నా.

మూడో రోజు పొద్దున వెళ్ళేసరికి ఆకు అంచులు కాలినట్టు గోధుమ రంగు. లేత చిగుళ్ళు నల్లబడ్డాయి. సాళ్ళ మధ్యన పూత చాపలా రాలిపడి ఉంది. నాన్న వంగి ఒక గుప్పెడు పూత ఏరి అట్లా చూస్తూ నిలబడ్డాడు. తిట్టలేదు. "మంచుకేమోరా" అన్నాడు. మంచు కాదని నాకు లోపల తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చి పారేసిన ప్యాకెట్ వెతికి, లోపలి కాగితం తీసి చదివా. చీమ తలంత అక్షరాల్లో ఉంది, రాగి మందులతో కలపరాదు అని. తర్వాత కాలేజీ ఫ్రెండ్ దగ్గర పీహెచ్ కాగితం తెచ్చి ఆ మందు నీళ్ళలో ముంచితే నాలుగు దగ్గర చూపించింది. పులుపు. చింతపండు చిలుముని కరిగించినట్టే ఆ పులుపు ఆక్సీక్లోరైడ్‌ని కరిగించింది. నెలకి విడుదల కావాల్సిన రాగి ఒక్క ట్యాంకులో విడుదలైతే ఎట్లా ఉంటుందో ఆకుల మీద కనపడింది. పుల్లటి ద్రావణంలో కాపర్ లవణాలు కరుగుతాయని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

తోట చచ్చిపోలేదు, మళ్ళీ చిగురేసింది. కానీ మొదటి పూత పోయింది. మొదటి కోత కాయే కదా మన దగ్గర రంగు, బరువు ఉండేది. గుంటూరు యార్డుకి ఆ ఏడు మేము వేసిన టిక్కీలు అంతకు ముందు ఏడులో సగం కూడా లేవు. కౌలు మాత్రం సగం కాలేదు.

ఆ కలయిక గురించి నాన్నకి నిజం చెప్పడానికి నాకు సంక్రాంతి దాకా పట్టింది. "నాకు ఆ రోజే అనుమానం వచ్చిందిలే" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి. ఏ రెండు మందులు కలపాలన్నా ముందు రెండు కాగితాలూ ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదువుతాం. తర్వాత గాజు సీసాలో కొంచెం కలిపి అరగంట ఉంచుతాం. విరిగినా, గడ్డ కట్టినా, వేడెక్కినా పారబోస్తాం. సీసాలో బాగానే కనపడింది కదా అని ఆగకూడదు, నా మిశ్రమం కూడా సీసాలో చక్కగానే ఉండేది. అందుకే తోట మూల నాలుగు మొక్కల మీద కొట్టి మూడు రోజులు చూస్తాం. పనికి తొందర ఉన్నప్పుడు మూడు రోజులు ఎక్కువే, నాకు తెలుసు. మబ్బు పట్టి చల్లగా ఉండి ఆకు త్వరగా ఆరని రోజున ఒక్క రాగి మందు కొట్టినా కాస్త మాడే ప్రమాదం ఉంది, అది కూడా చూసుకోండి.

ఇంకో పొరపాటు చాలా మంది చేస్తారు. ఆకు ముడుచుకుంటే చాలు ఈ పొడి కొట్టేస్తారు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు వచ్చి పూలన్నీ ఊడ్చేసినప్పుడు కూడా ఏదో ఒకటని దీన్నీ కలిపి కొట్టినవాళ్ళని చూశా. పురుగు మీద ఇది పనిచేయదు. బొబ్బర, అంటే వైరస్ ముడత మీద అసలే పనిచేయదు. డబ్బు, కూలి, రాగి మూడూ మట్టిపాలు.

మట్టి అన్నాను కాబట్టి చెప్తున్నా, రాగి లోహం. మిగతా మందులు ఎండకీ సూక్ష్మజీవులకీ విరిగి పోతాయేమో, లోహం ఎక్కడికి పోతుంది? ఏటా వేసింది ఏటా నేలలో పేరుకుంటుంది. యూరప్‌లో ద్రాక్షతోటల నేలల్లో వందేళ్ళకు పైగా పేరుకుపోయాక, హెక్టారుకి ఏడేళ్ళలో 28 కిలోల రాగి మించకూడదని 2018లో పరిమితి పెట్టారు. చేపలకి ఇది విషం. ట్యాంకు కడిగిన నీళ్ళు కాలువలోనో చెరువులోనో పోయొద్దు. కంట్లో పడితే బాగా దెబ్బ, కళ్ళజోడు పెట్టుకోండి, పొడి గాలికి ఎదురుగా విప్పొద్దు.

షాపుల్లో దీంతోపాటు స్ట్రెప్టోసైక్లిన్ పొడి ప్యాకెట్ కూడా కలిపి ఇవ్వడం మామూలు, బ్యాక్టీరియా మచ్చకని. అది మనుషులకి వాడే జాతి యాంటీబయాటిక్. పంటల్లో దాని వాడకం ఆపే దిశగా కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్ళో ఎవరైనా ఇప్పటికీ అలవాటుగా అడుగుతుంటే ఈ సంగతి చెప్పండి, వ్యవసాయ అధికారిని అడిగి కొట్టమనండి.

ఒక వింత చెప్పి ముగిస్తా. ఇదే పదార్థం, ఇదే రెండు రాగి, మూడు హైడ్రాక్సైడ్, ఒక క్లోరైడ్, ట్రైబేసిక్ కాపర్ క్లోరైడ్ అనే పేరుతో కోళ్ళ దాణాలో కూడా కలుపుతారు. కోడికీ, మనిషికీ చిటికెలో చిటికెడు రాగి కావాలి కదా. దాణాకి వేరే శుద్ధిలో, టన్నుకి గ్రాముల లెక్కలో వేస్తారు. తోట ప్యాకెట్ తీసుకెళ్ళి పెరటి కోళ్ళకి వేసేరు, అస్సలు వద్దు.

అదిగో, నాన్న బైక్ మీద వస్తున్నాడు. కెమెరా చూస్తే వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు, ఆపేస్తున్నా. ఆ మూల నాలుగు మొక్కల మీద నిన్న కొట్టిన మందు ఇంకా ఆరా తీయాలి. వచ్చే ఎపిసోడ్‌లో పొటాష్, అదీ క్లోరైడే.